ఆషాఢంలో పద్నాలుగు సెకండ్లు

మనిషి రక్తం గడ్డకట్టడం నేను గడియారం పెట్టి చూసింది ఎనభైల మొదట్లో, మా బావకు ఆపరేషన్ అయిన ఏడాది. అంతకు ముందు రక్తం చూడలేదని కాదు. పత్రికలో పోర్టు వార్తలు రాసేవాణ్ని. డాక్‌లో ఇనుప తాడు తెగి ఎవరికైనా దెబ్బలు తగిలితే వెళ్లి, ఎందరికి తగిలాయో, ఏ ఆసుపత్రికి తీసుకెళ్లారో రాసుకుని వచ్చేవాణ్ని. నేల మీద ఎండిన మరక నాకు వార్తలో ఒక వాక్యం. అది ఎలా ఎండుతుందో, కారేది ఎందుకు ఆగుతుందో ఒక్కనాడూ ఆలోచించలేదు.

బావకు ఆపరేషన్ చేసిన నర్సింగ్‌హోమ్ వెనక వరండాలో చిన్న లేబొరేటరీ గది ఉండేది. దాన్ని చూసుకునే సాయిబు గారు పాత ఊళ్లో పుట్టి పెరిగిన మనిషి. ఇంట్లో తాతల నాటి నుంచి గడియారాలు బాగుచేసే పని. ఈయన ఒక్కరే ఆ పని వదిలి లేబొరేటరీ చదువు చదివారు. చేతులు మాత్రం ఆ ఇంటి చేతులే. పెద్ద పెద్ద వేళ్లు, అయినా ఏ వస్తువూ చప్పుడు కాకుండా కింద పెట్టేవారు.

బావ చేతి నుంచి తీసిన రక్తాన్ని ఆయన ముందు మిషన్‌లో వేసి తిప్పేవారు. ఎర్రదంతా అడుగుకు దిగి, పైన లేత పసుపు రంగు నీరు తేరుకునేది. ఆ నీటిని కాస్త గాజు గొట్టంలోకి తీసి, మన ఒళ్లు ఎంత వేడిగా ఉంటుందో సరిగ్గా అంతే వేడిగా ఉంచిన నీళ్ల తొట్టిలో నిలబెట్టేవారు. అందులో రెండు మందులు కలపాలి. ఒకటి కుందేలు మెదడు ఎండబెట్టి చేసిన పొడి అని చెబితే ఆయన హాస్యమాడుతున్నారనుకున్నాను. నిజమేనట. రెండోది పడగానే స్టాప్‌వాచ్ నొక్కి, గొట్టాన్ని దీపం ఎదురుగా పట్టుకుని మెల్లగా వాల్చడం, ఎత్తడం, మళ్లీ వాల్చడం.

మొదటిరోజు ఆయన భుజం పక్కన వంగి చూశాను. పసుపు నీరు అటు వాలిస్తే అటు, ఇటు వాలిస్తే ఇటు జారుతోంది. ఎంతసేపు చూసినా నీరే. ఉన్నట్టుండి అందులో ఒక పోగు కనిపించింది, సాలెగూటి దారం కన్నా సన్నగా. కనురెప్ప వేసేలోగా ఆ పోగు చుట్టూ మొత్తం నీరు నిలబడిపోయింది. గొట్టం వాల్చినా కదలలేదు. వాచీ టిక్కుమంది.

"సూసినారా?" అన్నారు సాయిబు గారు. రోజుకు పదిసార్లు చూసే మనిషి, అయినా గొంతు తగ్గించి అడిగారు.

నా రక్తం కూడా పెట్టి చూడమన్నాను. చెయ్యి చాపించి తీశారు. పదమూడు సెకండ్లు.

"ఊర్లో అందరిదీ ఇంచుమించు ఇంతే. కలెక్టరు గారిదైనా ఇంతే, డాక్‌లో కళాసీదైనా ఇంతే. పైవాడు ఒకటే గడియారం పెట్టినాడు అందరికీ," అన్నారు. "మీ బావ గడియారమే మనం చేత్తో తిప్పతన్నాం."

బావ మా అక్క భర్త. మల్కాపురంలో ఉండేవారు. నా ఉద్యోగం ఊళ్లోనే కాబట్టి నేనూ వాళ్ల ఇంట్లోనే ఉండి, అక్క చేతి తిండే తినేవాణ్ని. బావ పోర్టులో క్రేను నడిపేవాడు. మనిషి భారీ. నూట నలభై కిలోలు దాటాక క్రేను నిచ్చెన ఎక్కలేక కింద స్టోరులో పనికి మారాడు. అదేమీ ఆయనకు బాధగా ఉండేది కాదు. బాధంతా నిద్రతోనే. పడుకుంటే ఊపిరి ఆగి, ఉలిక్కిపడి లేచి కూర్చునేవాడు. పగలు కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే గురక పెట్టేవాడు. పథ్యాలన్నీ అయ్యాయి. ఒక ఏడాది రాత్రి అన్నం మానేసి రొట్టెలు తిన్నాడు. పన్నెండు రొట్టెలు.

ఇంగ్లండులో చదివి వచ్చిన సర్జన్ ఒకరు ఆయన్ని చూసి, ఇలాగే ఉంటే గుండె ఎన్నాళ్లో తట్టుకోదని చెప్పారు. పేగుల్లో చాలా భాగాన్ని దారిలోంచి తప్పించి పక్కన పెట్టి, తిన్నది చిన్న ముక్క గుండానే బయటికి పోయేట్టు కుట్టే ఆపరేషన్ ఒకటుందని, అలా చేస్తే తిండి ఒంటికి పట్టక బరువు తగ్గుతుందని వివరించారు. మన వైపు అప్పటికి అలాంటిది ఇంకెవరికైనా చేశారో లేదో నాకు తెలియదు. ఇప్పుడు పద్ధతులు వేరట. బావకు వైశాఖంలో చేశారు. బాగానే జరిగింది. బావ ఇంటికొచ్చాక రోజుకు పదిసార్లు దొడ్డికి పరిగెత్తుతూ కూడా నవ్వించేవాడు.

"బామ్మర్దీ, నా పేగుల్ని రైల్వే లైను సేసీసినారు. ఎక్స్‌ప్రెస్ బండి. ఏ టేసన్లోనూ ఆగదు."

అయిదో వారంలో ఎడమ పిక్క వాచింది. ముట్టుకుంటే వేడి. అక్క వేడినీళ్ల కాపడం పెడదామంది. ఎందుకో అనుమానం వచ్చి నేను ఆపరేషన్ చేసిన డాక్టరు గారికి కబురు చేశాను. ఆయన వచ్చి చూసి అప్పటికప్పుడు కాలు కింద మోపనివ్వకుండా కారులో ఎక్కించుకుని వెళ్లారు. కాలి నరంలో నెత్తురు గడ్డ కట్టింది. అది ఊడి ఊపిరితిత్తుల్లోకి వెళితే మనిషి అక్కడికక్కడే పోతాడు. పది రోజులు ఇంజెక్షన్లు ఇచ్చి, తర్వాత చిన్న మాత్ర మొదలుపెట్టారు. రక్తం పలచబడే మాత్ర అంటారు గానీ, నిజానికి పలచబడేదేమీ లేదని, ఆ పోగు కట్టడాన్ని ఆలస్యం చేస్తుందంతేనని ఆయన చెప్పారు.

"మామూలు మనిషికి పదమూడు సెకండ్లు. మీకు ఇరవై నాలుగు, ఇరవై అయిదు ఉండాలి. పదిహేనుకు దిగిపోతే కాలిలో మళ్లీ గడ్డ. నలభై దాటితే ఒంట్లో ఎక్కడైనా నెత్తురు కారడం మొదలుకావచ్చు. ఆరు నెలలు ఈ రెండింటి మధ్యనే నడవాలి."

"ఈ మాత్ర ఏటితో సేత్తారండీ?" అని బావ అడిగాడు.

"ఎలుకల మందు ఈ జాతిదే. మోతాదులో తేడా."

"అదేటి డాక్టరు గారూ! ఈ ఒల్లు సూసి ఏనుగుల్లో కలుపుతారనుకున్నాను. ఎలకల్లో కలిపీసినారు."

"నవ్వులాటేటి? ఆయన సెప్పింది ఇను," అంది అక్క. ఆమెకు నవ్వు రాలేదు. మాత్ర ఉన్న చిన్న సీసాను దేవుడి గూట్లో పెట్టింది.

డాక్టరు గారు ఇంకో మాట కూడా చెప్పారు. మిగతా వాళ్లకైతే మాత్ర ఎంత వేస్తే ఒంటికి ఎంత పడుతుందో వైద్యులకు ఒక అంచనా ఉందట. బావ పేగు కురచ చేసిన పేగు. అది ఏది తీసుకుంటుందో, ఏది వదిలేస్తుందో ఏ పుస్తకంలోనూ లేదట. "మీ విషయంలో గొట్టం చెప్పిందే నాకు పుస్తకం. వారానికి రెండుసార్లు రండి. తిండిలో మార్పులేవీ చెయ్యకండి. ఇప్పుడు తింటున్నదే తినండి."

సోమవారం, గురువారం పొద్దున్నే బావను బస్సులో తీసుకుని వచ్చే పని నాది. మూడు మిల్లీగ్రాముల మాత్రతో మొదటి రెండు వారాలూ గొట్టం చెప్పినట్టు విన్నది. ఇరవై నాలుగు. ఇరవై అయిదు. ఇరవై నాలుగు. నేను నా నోటుబుక్కులో ఓడల రాకపోకల పక్కనే ఆ అంకెలూ రాసుకునేవాణ్ని. బియ్యపు గింజ కన్నా కాస్త పెద్దదైన మాత్ర, అంత మనిషి ఒంట్లో ఉన్న నెత్తురునంతా పదకొండు సెకండ్లు ఆగమని చెప్పి నిలబెట్టడం, అదీ రోజు తర్వాత రోజు, నాకు నమ్మబుద్ధి అయ్యేది కాదు. మా వార్తల్లో మంత్రులు చెప్పిన పనే అంత కచ్చితంగా జరిగేది కాదు.

ఆషాఢం వచ్చింది. వానలు పట్టాయి. ఒక సోమవారం గొట్టం పంతొమ్మిది దగ్గర గడ్డకట్టింది. గురువారం పదహారు. ఆ తర్వాత పద్నాలుగు. అంటే దాదాపు నా రక్తమంత. మాత్ర వేసుకోని మనిషి రక్తమంత.

"మాత్ర మర్చిపోనావేటి భాయ్?" అన్నారు సాయిబు గారు.

"నానెందుకు మర్చిపోతాను? దేవుడి గూట్లో ఉన్నాది. మీ సెల్లెమ్మ నోట్లో ఏసి, నాలిక సాపించి మరీ సూత్తది."

"మరేటి తిన్నావు?"

"అన్నం. పప్పు. సారు. ఇంకేటి తింటాను? నా పేగుకి అంతకన్నా ఓపిక ఉందేటి?"

డాక్టరు గారు మాత్రను నాలుగు చేశారు, తర్వాత అయిదు. పిక్క మళ్లీ కొంచెం బరువెక్కినట్టుందని బావ అన్న రోజు డాక్టరు గారి ముఖం చూసి నాకు భయం వేసింది. అక్క సింహాచలం కొండకు మొక్కుకుంది. ఆషాఢ పౌర్ణమికి కొండ చుట్టూ నడుస్తానని. చెప్పినట్టే వేలమంది జనంతో కలిసి చెప్పుల్లేకుండా తిరిగి వచ్చి, రెండు రోజులు మంచం దిగలేదు. ఆ తర్వాత వచ్చిన గురువారం గొట్టం ఇరవై చెప్పింది. కొండ దేవుడు విన్నాడని ఇంట్లో అందరం అనుకున్నాం. సోమవారానికి మళ్లీ పదిహేను.

డాక్టరు గారు ఆ ఇరవైని నమ్మలేదు. మధ్యలో ఒక్క అంకె అలా ఎగరడం ఏమిటని, నీళ్ల తొట్టి వేడి సరిగ్గా ఉందా అని సాయిబు గారిని అడిగారు. పెద్దగా కోపంగా కాదు, మామూలుగానే. కాని సాయిబు గారి చెవులు ఎర్రబడ్డాయి. ఆరోజు బావ రక్తాన్ని మూడు గొట్టాల్లో పెట్టి మూడుసార్లు చూశారు. పదిహేను, పదిహేను, పదిహేను. రిజిస్టరులో మూడూ రాసి కింద గీత గీశారు.

"నా తొట్టి అబద్ధం ఆడదు సార్," అన్నారు. డాక్టరు గారు అప్పటికే వెళ్లిపోయారు. నాకు చెప్పారనుకుంటాను.

మాత్ర ఏడు మిల్లీగ్రాములకు చేరింది. నెల చివర గొట్టం మెల్లగా పైకి వచ్చి ఇరవై రెండు దగ్గర నిలిచింది. అందరికీ ఊపిరి వచ్చింది. ఇక దారిన పడింది, ఇదే మాత్ర వేసుకుని పది రోజులాగి రండి అన్నారు డాక్టరు గారు. బస్సులో బావ కిటికీ పక్కన కూర్చుని రిఫైనరీ గొట్టం మీద మంట చూస్తూ ఏదో కూనిరాగం తీశాడు. నేను నోటుబుక్కు మూసేశాను.

శ్రావణం వచ్చిన తొమ్మిదో రోజు పొద్దున బావ పెరట్లో వేపపుల్లతో పళ్లు తోముకుంటున్నాడు. ఉమ్మి ఎర్రగా పడింది. పుల్ల గీరుకుందేమో అనుకున్నాడు. పుక్కిలించాడు, మళ్లీ ఎర్రగానే. అరగంటైనా ఆగలేదు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వచ్చి, నాతో మెల్లగా, అక్కకు వినబడకుండా చెప్పాడు.

"బామ్మర్దీ, ఒంటేలు కూడా ఎర్రగా ఎల్లింది."

తొడ మీద అరచేయంత నల్లగా కమిలిన మచ్చ ఉంది. ఎక్కడా తగల్లేదట. ఆటోరిక్షా ఎక్కిస్తుంటే అక్క వచ్చి, ఏమైందని అడగకుండా, తలుపుకు తాళం వేసి మాతోపాటు ఎక్కింది. అంతకు ముందు ఎప్పుడూ ఆమె మాతో లేబొరేటరీకి రాలేదు.

సాయిబు గారు గొట్టం దీపానికి ఎదురుగా పట్టుకున్నారు. ఇరవై అయిదు దాటింది, నీరే. నలభై, నీరే. ఆయన వాలుస్తున్నారు, ఎత్తుతున్నారు. అరవై. వాచీ ముల్లు మొత్తం చుట్టు తిరిగి మళ్లీ బయల్దేరింది. తొంభై దగ్గర ఏదో నలకలాంటిది కనబడి కరిగినట్టయింది. ఒక్క పోగు. ఆ పోగు రావాలని నేను అడగని దేవుడు లేడు. నా జీవితంలో అంత పొడుగు నిమిషన్నర మరొకటి లేదు. నూరు దాటాక ఆయన వాచీ ఆపేసి, గొట్టం తొట్టిలో పెట్టి, డాక్టరు గారి గదివైపు నడిచారు. పరిగెత్తలేదు గానీ చెప్పులు వేసుకోవడం మరిచిపోయారు.

బావకు విటమిన్ కె ఇంజెక్షన్ మెల్లగా ఎక్కించారు. అప్పటికప్పుడు తీసిన తాజా రక్తం కావాలన్నారు. గ్రూపు నాది కలిసింది, ఒక సీసా ఇచ్చాను. ఇక ఎదురుచూడడం తప్ప చేసేదేమీ లేదు. మందు లివరును చేరాలి, లివరు పని మొదలుపెట్టాలి, దానికి కొన్ని గంటలు పడుతుంది. ఈలోగా తలలోనో కడుపులోనో కారితే చేసేదేమీ ఉండదని డాక్టరు గారు నాకు విడిగా చెప్పారు.

అలా చెప్పి ఆయన వెళ్లిపోలేదు. వరండాలో నిలబడి, "నెల రోజులు మాత్ర పనిచేయలేదు. ఇప్పుడు అదే మాత్ర ఇలా చేసింది. ఎందుకు?" అని తనలో తను అనుకున్నట్టు అన్నారు. బావను ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు, అన్నం, పప్పు, చారు. నన్ను అడిగారు. నేనూ అదే చెప్పాను. రోజూ అదే ఇంట్లో, అదే గిన్నెలోంచి తిన్నవాణ్ని. ఏ ఓడలో ఎన్ని టన్నుల ఖనిజం ఎక్కిందో చూడకుండా చెప్పగలిగేవాణ్ని. మొన్న ఏం తిన్నావంటే చెప్పలేకపోయాను.

అప్పుడు ఆయన చూపు బెంచీ మీద కూర్చున్న అక్క మీద పడింది. స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నారు.

"అమ్మా, గత నెలలో ఇంట్లో వంటలో ఏమైనా మార్పు చేశారా?"

"లేదు బాబూ. మీరు మార్పు సెయ్యొద్దన్నారు గదా. ఏటీ మార్చలేదు."

"అయితే ఒక పని చెయ్యండి. ఏం వండారో గుర్తున్నంతవరకు చెప్పండి. ఏ రోజైనా సరే."

"ఏ రోజైనా ఏటి? మొదట్నించీ సెప్పమంటారా?"

ఆయన చెప్పమన్నారు. అక్క కొంగు భుజం మీదికి లాక్కుని, ఎదురుగా గోడ వైపు చూస్తూ మొదలుపెట్టింది.

"అమాస ఎల్లిన మర్నాడు, పాడ్యమికి, తెలగపిండీ మునగాకూ. విదియకి పెసరపప్పులో మునగాకు. తదియకి సారూ, మునగాకు ఏపుడు. సవితికి మళ్లీ తెలగపిండి..."

"మునగాకు రోజూనా?" డాక్టరు గారు మధ్యలో ఆపారు.

"ఆసాడం గదా బాబూ." ఆ ప్రశ్నే వింతగా తోచింది ఆమెకు. "ఆసాడంలో తినకపోతే మరెప్పుడు తింటారు? మనూరందరూ తింటారు. పైగా ఈయనకి ఆపరేసనై ఒల్లు నీరసంగా ఉన్నాది. ఇంకో గుప్పెడు ఎక్కువే ఏసినాను."

"ఇది మార్పు కాదా అమ్మా?"

"ప్రతేడూ ఒచ్చే ఆసాడమే. మార్పేటి?"

డాక్టరు గారు సాయిబు గారిని పిలిచి రిజిస్టరు తెమ్మన్నారు. అక్క తిథులు చెబుతోంది, రిజిస్టరులో తేదీలు ఉన్నాయి. గోడకున్న క్యాలెండరు దించి, ఏ తిథి ఏ తేదీన పడిందో చూసి చెప్పే పని నేను తీసుకున్నాను. అలా ముగ్గురం అక్క చుట్టూ కూర్చున్నాం. లోపలి గదిలో బావ నోట్లో దూది పెట్టుకుని పడుకుని ఉన్నాడు.

నలభై రోజుల వంట. ఆమె ఎక్కడా తడుముకోలేదు. ఏ పూట ఏది మాడిందో, ఏ పూట పక్కింటి చెట్టు ఆకు అయిపోయి వీధి చివరి చెట్టు దగ్గరకు వెళ్లిందో కూడా చెప్పింది. తొలి ఏకాదశికి ఉపవాసం, ఆయనకు పాలూ పళ్లూ. పౌర్ణమి దగ్గరకు వచ్చేసరికి ఒక్క క్షణం ఆగింది.

"పున్నానికి నాను కొండ సుట్టూ తిరగడానికి ఎల్లిపోనాను. ఆ మర్నాడూ, ఆ మర్నాడూ కాల్లు లెగలేదు. ఈలిద్దరికీ పక్కింటోలు ఇడ్లీలు ఎట్టినారు. మునగాకు లేదు."

నేను తేదీ చెప్పాను. సాయిబు గారు రిజిస్టరులో వేలు పెట్టి కిందికి దించారు. తలెత్తారు.

"ఇరవై, సార్. ఆ గురువారం ఇరవై."

ఆ గదిలో ఒకరు దీపం ముందు గొట్టం పట్టుకుని లెక్కపెట్టింది, ఇంకొకరు మల్కాపురంలో పొయ్యి ముందు కూర్చుని వండింది, ఒకదాని పక్కన ఒకటి పెడితే అతికినట్టు సరిపోయాయి. ఇద్దరూ అంతకు ముందు ఒకరినొకరు చూసి ఎరగరు. ఆకు పడిన రెండు మూడు రోజులకు సెకండ్లు తగ్గాయి, ఆకు ఆగిన రెండు మూడు రోజులకు పెరిగాయి. ఒక్కచోట కూడా తప్పలేదు.

"ఆసాడం ఎల్లిపోనాది గదా," అంది అక్క. "అమాస నుంచి ఆకు ఒండలేదు."

డాక్టరు గారు మెల్లగా, మా అందరికీ అర్థమయ్యేట్టు చెప్పారు. నెత్తురు పోగు కట్టడానికి లివరుకు విటమిన్ కె కావాలి. అది ఆకుల్లో ఉంటుంది, మునగాకులో మరీ ఎక్కువ. మాత్ర చేసేది దాన్ని అడ్డుకోవడమే. అక్క ఆకు పెట్టినన్నాళ్లూ ఆ ఆకు మాత్రను ఓడించింది. తానేమో అది తెలియక మాత్ర పెంచుకుంటూ పోయారు. నెల దాటగానే ఆకు ఆగిపోయింది, ఏడు మిల్లీగ్రాముల మాత్ర మిగిలింది. మామూలు మనిషైతే ఒంట్లో కొంత నిల్వ ఉండి కొన్నాళ్లు తట్టుకునేవాడు. కోసి కురచ చేసిన పేగు ఏదీ నిల్వ ఉంచదు.

"అంటే నానే సేసీసినానా బాబూ?" అంది అక్క.

"లేదమ్మా. నేను అడగాల్సినవాళ్లను అడగలేదు," అన్నారాయన.

మధ్యాహ్నం మూడింటికి సాయిబు గారు మళ్లీ రక్తం తీశారు. డెబ్బై. సాయంత్రం ఆరింటికి నలభై రెండు. లోపలికి వెళితే బావ నోట్లోంచి దూది తీసేసి చూసుకుంటున్నాడు. దూది తెల్లగా ఉంది. దాన్నే అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. అంతసేపు తెల్లదూదిని చూసిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

"ఏటి బామ్మర్దీ, ఆగిపోనట్టుంది?"

అక్క ఆ దూది అందుకుని తనూ తిప్పి చూసింది.

మూడు రోజులకు గొట్టం పదిహేడు దగ్గరికి వచ్చింది. కాలిలో గడ్డ సంగతి ఇంకా అలాగే ఉంది కాబట్టి మాత్ర మళ్లీ మొదలుపెట్టాలి. డాక్టరు గారు చీటీ తీసి, కలం మూత తీసి, బావ వైపు చూడకుండా అక్క వైపు తిరిగారు.

"అమ్మా, రేపటి నుంచి ఏం వండుతారు?"

"మీరేటి ఒండమంటే అదే ఒండుతాను బాబూ. ఆకు మొకం సూడను."

"వద్దు. అసలు లేకపోతే మరీ చంచలంగా ఉంటుంది. రోజూ ఒకే లెక్క ఉండాలి. పండుగైనా, ఉపవాసమైనా, మీరు ఊళ్లో లేకపోయినా. మీరు వండగలిగింది చెప్పండి. దాన్ని బట్టి నేను మాత్ర రాస్తాను."

అక్క తన అరచెయ్యి చూసుకుంది. "గుప్పెడు. పప్పులో గుప్పెడు ఆకు. రోజూ."

"గుప్పెడంటే ఎంత?"

అక్క పిడికిలి బిగించి చూపించింది. సాయిబు గారు నవ్వి, అలా కాదన్నారు. నర్సింగ్‌హోమ్ గోడ పక్కనే మునగచెట్టు ఉంది. వెళ్లి ఒక రెమ్మ విరిచి తెచ్చారు. మందులు తూచే చిన్న త్రాసు బయటికి తీశారు. అక్క ఆకు దూసి, గుప్పెట పట్టి, త్రాసు పళ్లెంలో పోసింది. ఆయన అంకె రాసుకున్నారు. తీసేసి మళ్లీ పొయ్యమన్నారు. మళ్లీ. అయిదుసార్లు పోసింది. త్రాసు ముల్లు అయిదుసార్లూ దాదాపు ఒకే గీత మీద నిలిచింది. ఒక్కసారి మాత్రం రెండు ఆకులు ఎక్కువయ్యాయి. అది కూడా, తూచకముందే, "ఇది కొంచెం ఎక్కువైంది," అని ఆమే అంది.

సాయిబు గారు త్రాసు వైపు, ఆమె చెయ్యి వైపు మార్చి మార్చి చూశారు. "నా గొట్టం కన్నా ఈ సెయ్యి నయం సార్," అన్నారు.

డాక్టరు గారు మూడు మిల్లీగ్రాములని రాశారు.

ఆ తర్వాత నా నోటుబుక్కులో చెప్పుకోదగ్గ అంకెలేవీ లేవు. ఇరవై నాలుగు, ఇరవై ఆరు, ఇరవై అయిదు. కార్తీకంలో అక్క ఉపవాసాలుండి, బావకు మాత్రం పప్పులో గుప్పెడు ఆకు పెట్టేది. నేను ఊళ్లో ఉన్నా లేకపోయినా సాయిబు గారు సెకండ్ల పక్కన ఇంకో గడి గీసి, ఆ రోజు ఆకు పడిందా లేదా అని టిక్కు పెట్టేవారు. ఒక్క టిక్కూ తప్పలేదు. బావ ఒంట్లో కిలోలు మామూలుగా దిగుతూనే ఉన్నాయి. ఆయన బతికి ఉన్నది ఒక సన్నని గీత మీద అని, ఆ గీతను ఒక పొయ్యి దగ్గరి నుంచి ఒక చెయ్యి పట్టుకుని ఉందని తెలిశాక, మా ఇంట్లో కంచం ముందు కూర్చుని అక్క వడ్డిస్తుంటే చూసేవాణ్ని.

ఆరు నెలలు నిండాయి. డాక్టరు గారు పిక్క నొక్కి చూసి, రెండు కాళ్లూ టేపు పెట్టి కొలిచి, మాత్ర ఇక చాలన్నారు. మాత్ర లేకుండా నెల చూశారు. కాలు మామూలుగానే ఉంది. ఆఖరిసారి గొట్టం పదమూడు చెప్పింది. సాయిబు గారు రిజిస్టరు మూసి, బావతో చేయి కలిపారు.

ఆ పూట ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్న బావ పప్పు వైపు చూశాడు.

"మాత్ర ఆపీసినారు గదే. ఇంక ఈ ఆకెందుకు? ఆపీ."

"మాత్ర ఏసినోలు మాత్ర ఆపినారు," అంది అక్క, ఇంకో గరిటె వేస్తూ. "ఆకు ఏసింది నాను. నోర్మూసుకుని తిను."